పెద్దమ్మ బొమ్మకు నేను కట్టిన విలువ

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉంటే అది లోకంలో లేనట్టేనని నా నమ్మకం. పటాన్‌చెరులో ప్లాస్టిక్ బొమ్మలు పోసే కంపెనీలో పని. బడి ఏడో తరగతితోనే ఆగినా, పాతకాలపు బొమ్మలకు వెలకట్టడం నేర్పే ఇంగ్లీషు పుస్తకమొకటి తుక్కులో దొరికితే, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. అచ్చు అతుకు ఎక్కడుందో చూడాలి, బొటనవేలితో రుద్ది వాసన పట్టాలి, మెడ వెనకో వీపు మీదో కంపెనీ ముద్ర వెతకాలి. (ఈ విద్యకు పట్టా ఇచ్చేవాళ్లు లేరు గనుక నాకు నేనే ఇచ్చుకున్నాను. అసలు పట్టాలున్న మా సూపర్‌వైజర్లకు అతుకు కూడా కనిపించేది కాదు. ఆ మంట ఇంకా చల్లారలేదు.)

ఒకనాడు కర్దనూర్ నుంచి మా పెద్దమ్మ కొంగులో చుట్టుకుని ఒక పాత బొమ్మ తెచ్చింది. చిన్నప్పుడే జ్వరంతో పోయిన ఆమె కూతురిది. ఇంటికి సున్నం వేయిస్తూ కోడలు పాత సామానంతా పారేస్తోందట.

"జెర మంచిగ సూడు బిడ్డా. ఇది ఇలువైందని నువ్వంటే ఇంట్ల ఉండనిస్తరు. సదువుకున్నోని మాట ఇంటరు."

ఆ 'సదువుకున్నోడు' నా తలకెక్కాడు. బొమ్మను తిప్పితిప్పి చూశాను. ముద్ర ఎక్కడా లేదు. ఒంటినిండా మాత్రం పచ్చటి పొర.

"గీ రంగు సూసినవా పెద్దమ్మా? వందేండ్లకు గాని గిట్ల మాగదు. ఇలాయతి మాలు. ముద్ర దీని కిందనే ఉంటది. నువ్వు చాయ్ తాగిరా, చెప్త."

ఆమె వచ్చేసరికి థిన్నర్ గుడ్డతో బొమ్మను తెల్లగా తోమేశాను. పొరతో పాటు కనుబొమలు పోయాయి, మూతీ పోయింది. ముద్ర మాత్రం లేదు.

"ముద్ర లేని మాలు పెద్దమ్మా..." అని మొదలుపెట్టాను.

ఆమె వినడం లేదు. బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది.

"పసుపేదిరా? బొమ్మల పెండ్లి నాడు నా బిడ్డ పూసింది. గందుకే ఇన్నేండ్లు నీళ్లు గూడ తాకియ్యలే."

ఆ పెళ్లిలో మగపెళ్లివాళ్ల తరఫున బెల్లం తిన్నది నేనే. పుస్తకంలో లేదు గనుక పసుపును గుర్తుపట్టలేకపోయాను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇగ కోడలికి ఏమని చెప్పాలె?" అంది.

"శాన ఇలువైందని చెప్పు" అన్నాను. అబద్ధం చెబుతున్నాననే అనుకున్నాను.

కోడలు నమ్మింది. పెద్దమ్మ పోయాక బొమ్మ నాకు చేరింది. మొన్న అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల నుంచి పాత వస్తువులు కొనే కుర్రవాడొకడు వచ్చి దాన్ని తిప్పి చూసి, "మార్క్ లేదు, ముఖం కూడా లేదు తాతా. దీనికేం రాదు" అన్నాడు. "నీకేం తెల్సురా, నడువు!" అని కసిరి పంపించాను. (వాడు తిప్పిన తీరు అచ్చం నాదే. అందుకే అంత కోపం.)

వాడు కుడి చెవి వెనక చూడలేదు. అక్కడ గోరంత పసుపు మిగిలి ఉంది. నాలోని ఆనాటి పండితుడు తొందరలో తుడవడం మరిచాడు. బొమ్మకు వాడు చేసిన మేలు అదొక్కటే. అది చూసినప్పుడల్లా వాడి మీద కాస్త నవ్వొస్తుంది. బొమ్మకు మూతి లేదు గనుక, నవ్వేది నేనొక్కణ్ణే.