సెలవు చీటీ జోకు

కోరుట్లలో బాబా మియా రాసిన ఇంగ్లీషు బోర్డుల్లో ఒక్క అక్షరం తప్పుండదు. ఈ మాట ఊరివాళ్లు అన్నది కాదు, ఆయనే అంటాడు. తప్పు పడితే సొంత రంగుతో బోర్డంతా మళ్లీ రాయాలి కాబట్టి ఆ పట్టింపు పాతికేళ్ల వయసులోనే ఒంటబట్టింది. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షుకు లారీల వెనక రాతలు, ఆటో నంబర్లు మాత్రం మిగిలాయి. పని తగ్గేసరికి ఆయన చూపు ఫోన్ మీద పడింది. అక్కడ లోకమంతా తప్పుల ఇంగ్లీషు రాసుకుంటూ హాయిగా బతుకుతోంది. అది ఆయనకు సహించలేదు.

పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నలభై ఇద్దరు ఉన్నారు. ఎవరైనా గుడ్ మార్నింగ్ పెడితే బాబా మియా పూలు చూడడు, పూల కింద స్పెల్లింగు చూస్తాడు. మనుమరాలు పుట్టిందని రచన అనే క్లాస్‌మేటు సంతోషంగా రాస్తే ముందు తప్పు దిద్ది, తరువాత ముబారక్ చెప్పాడు. సిరిసిల్లలో టీచరుగా చేసి రిటైరైన రేణుక, "బాబా, నేను పేపర్లు దిద్దుడు బంద్ చేసిన, నువ్వు షురూ చేసినవ్" అని రాసింది. ఆయన దాన్ని మెచ్చుకోలు కింద జమ కట్టాడు.

ఆ గ్రూపులో రాజలింగానిది ఒకటే జోకు. గుమాస్తా ఇంగ్లీషులో సెలవు చీటీ రాస్తాడు, అది చదివిన ఆఫీసరు కుర్చీలోంచి కింద పడతాడు. ఫోన్లు పుట్టిన నాటినుంచీ తిరుగుతున్న జోకు. ఇప్పుడు మెట్‌పల్లిలో ఉండే రాజలింగం, ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాక, పదిరోజులకొకసారి దాన్ని కొత్తగా దొరికినట్టు పంపేవాడు. పంపి, కింద తనే నవ్వేవాడు. మిగతావాళ్లు మర్యాదకు నవ్వేవారు.

ఉగాది వెళ్లిన వారానికి బాబా మియా ఆ జోకును దిద్దాడు. జోకే తప్పుల మీద కదా అని రేణుక చెప్పి చూసింది. "చీటీల ఉన్న తప్పులు కావు, చీటీ బయటి తప్పులు" అన్నాడాయన. తను రాసింది సరైనదేనన్నాడు రాజలింగం. సాయంత్రానికి నూట నలభై మెసేజీలయ్యాయి. సౌదీలో ఉన్న ఒకాయన డిక్షనరీ పేజీ ఫోటో పెట్టాడు. అది అమెరికా డిక్షనరీ, చెల్లదని ఇంకొకాయన కొట్టిపారేశాడు. బ్యాచ్‌లోని వేణు ఎవరి పక్షమో చెప్పకుండా చప్పట్ల బొమ్మలు పెడుతూ పోయాడు. చివరికి బాబా మియా, "ఇంగ్లీష్ రానోళ్లు ఇంగ్లీష్ జోకులు పెట్టద్దు" అని రాశాడు. మరు నిమిషం రాజలింగం గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

ఆరు నెలలు గడిచాయి. వాడు ఫోన్ చేయలేదు, వీడూ చేయలేదు.

బయటికి అనలేదు గానీ బాబా మియా దసరా కోసం చూస్తున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా దసరా సాయంత్రం రాజలింగం వచ్చి ఆయన చేతిలో జమ్మి ఆకు పెడతాడు. ఆ రోజు ఆ ఆకే బంగారం. అది చేతిలో పడ్డాక ఎంతటి పగవాళ్లయినా గుండెకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకోవాల్సిందే. చిన్నవాడు పెద్దవాడి దగ్గరికి రావడం పద్ధతి. తను పెద్దవాడు కాబట్టి తను పోనక్కరలేదు. కాకపోతే, ఈసారి రాకపోతే వాడు ఇంకెప్పటికీ రాడని ఆయనకు తెలుసు.

దసరానాడు మధ్యాహ్నం నుంచే కుర్చీ రోడ్డు వైపు తిప్పి కూర్చున్నాడు. గ్రూపులో అప్పటికే ఇరవై ఏడు జమ్మి బొమ్మలు వచ్చాయి, అన్నీ ఒకటే బొమ్మ. ఒక్కదాన్నీ దిద్దలేదు.

ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే అయినా, అజీజాబీ మొగుణ్ణి దెప్పాలంటే తెలుగులోకి దిగుతుంది.

"గా తొవ్వ చూసుడెందుకు? నువ్వే పో."

"చిన్నోడు రావాలె. పద్ధతి గది."

"ఎవలు చిన్నోడు?"

సర్టిఫికెట్ల ప్రకారం ఇద్దరూ ఒకే ఏడు జూలై ఒకటిన పుట్టారు. ఆ మాటకొస్తే క్లాసులో ముప్పై మంది ఆ రోజే పుట్టారు. బడిలో చేర్చుకున్న హెడ్మాస్టరు అంతకన్నా శ్రమపడలేదు.

"మా అత్త చెప్తుండె," అంది అజీజాబీ, బియ్యంలో రాళ్లు ఏరుతూ. "నువ్వు కడుపుల ఉన్నప్పుడు రాజలింగం మన వాకిట్ల అంబాడుతుండెనట."

బాబా మియా కుర్చీ ఇటు తిప్పాడు. "గీ మాట ఇన్నేండ్ల సంది ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? నేనే పెద్ద, నేనే పెద్ద అని ఊరంత చెప్పుకుంట తిరిగితివి."

తన పద్ధతి తన మెడకే చుట్టుకుంది. సాయంత్రం జమ్మి దగ్గర జనంలో తోసుకుని రెండు రెమ్మలు తెంపుకుని, మెట్‌పల్లి బస్సెక్కాడు.

కిటికీలోంచి పాత దుకాణాల బోర్డులు రెండు మూడు కనిపించాయి. అన్నీ తను రాసినవే. పదో తరగతి తప్పిన వాడికి ఆ ఇంగ్లీషు ఎక్కడిదని ఎవరూ అడగలేదు, తనూ అనుకోలేదు. ఇంటరు పాసై ఉద్యోగం లేక తిరిగే రోజుల్లో రాజలింగం నిచ్చెన కింద నిలబడి, రెండు చేతులా దాన్ని పట్టుకుని, ఒక్కో అక్షరం పైకి పలికేవాడు. పైన తను విన్నది విన్నట్టు రాసేవాడు. ఇంగ్లీషు రానోళ్లని తను రాసింది ఆ మనిషినే. బాబా మియాకు సిగ్గేసింది. బస్సు దిగేదాకా తల ఎత్తలేదు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. రాజలింగం వాకిట్లో మంచం మీద ఉన్నాడు. పక్కన ఇస్త్రీ చొక్కా, చొక్కా మీద జమ్మి రెమ్మ. చొక్కా మాత్రం ఇంకా వేసుకోలేదు.

బాబా మియా ఆకు చేతిలో పెట్టి కాళ్ల దగ్గరికి వంగబోయాడు. రాజలింగం భుజాలు పట్టి లేపాడు. అలాయ్ బలాయ్ అయింది, కాస్త గట్టిగానే అయింది.

"నువ్వు పెద్దోనివని నీకెరుకేనా?" అని అడిగాడు బాబా మియా.

"ఎరుకే."

"మరి ముప్పై ఎనిమిదేండ్ల సంది నువ్వెందుకు అచ్చినవన్నా?"

అన్నా అన్న పిలుపు కొత్తది. రాజలింగం దాన్ని విననట్టే ఊరుకున్నాడు.

"మొదటిసారి దసరానాడు నువ్వు నిచ్చెన మీదుంటివి, బాబా. చేతుల బ్రష్షు. దిగుమంటే అక్షరం ఆరిపోతదంటివి. కింద ఉన్నోడే పైకి అందియ్యాలె గదా. గట్లనే అలవాటైంది."

రాజలింగం భార్య నర్సవ్వ చాయ్ పెట్టి పోయింది. అది తాగి రాజలింగం కళ్లజోడు పెట్టుకుని ఫోన్ తీశాడు.

"సెలవు చీటీది ఒక జోకున్నది. ఇన్నవా?"

"ఇనలే," అన్నాడు బాబా మియా. "చెప్పన్నా."