తెల్లబోయిన పేజీ

కరెంటు పోయినప్పుడల్లా కోదాడలోని మా ఆఫీసులో యూపీఎస్ కీచుమంటుంది. ఆ చప్పుడు వినగానే సూర్యాపేటలో మెడికల్ షాపు పైనున్న చిన్న గది, కిటికీ పక్కన కూర్చునే స్వరూప మేడం గుర్తొస్తారు. చదువు అయిపోగానే వెబ్‌సైట్ల పని నేను నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. మెచ్చుకోవడం ఆవిడకు చేతకాదు. ఎంత బాగా చేసినా "సరే, ఇగ ఇంకోటి సూడు" అనేవారు.

మా సైట్లన్నీ ప్లగిన్ల మీద నడిచేవి. వెతకడానికి ఒకటి, ఫోటోలకు ఒకటి, అలా సైటుకు విడిగా తగిలించుకునే పనిముట్లవి. ఎవరెవరో ఎక్కడెక్కడో రాసినవి. ఒకటి కొత్త వెర్షన్‌కు మారితే, దాన్ని నమ్ముకున్న ఇంకొకటి మొరాయించేది. అందుకే మేడం ప్రతి సైటుకూ ఒక నకలు పెట్టుకుని, ఏ మార్పయినా ముందు అందులో చేసి చూసేవారు. "ఇవి వియ్యంకుల లెక్క మానసా. విడివిడిగ మంచోళ్లే. ఒక్కతాన కూసుంటెనే ఎవరు అలుగుతరో తెలుస్తది" అనేవారు.

ఒక మధ్యాహ్నం మిర్యాలగూడ నుంచి యాదగిరి సార్ ఫోన్ చేశారు. ఆయన రిటైరైన లెక్కల టీచరు. అక్కడి రక్తదాతల సంఘం సైటు చూసుకునేవారు.

"అమ్మా, సైటు మొత్తం తెల్లగయింది. గీడ దవాఖానల కాన్పు కేసు ఉంది. బి నెగెటివ్ కావాలె."

నాతో పనిచేసే నవీన్ "ఏం నొక్కిన్రు సార్?" అని అడగబోయాడు. మేడం చెయ్యెత్తి ఆపారు.

"అదంత తర్వాత. సార్, మీరు లైన్ల ఉండున్రి. దాతల పేర్లు ఎటూ పోలే."

పేజీ కనబడకపోయినా వివరాలు డేటాబేసులో భద్రంగానే ఉంటాయి. మేడం నేరుగా దాన్ని తెరిచి నంబర్లు చదువుతుంటే మేం తలా ఒకరికి ఫోన్ చేశాం. ఒకరు ఎత్తలేదు. ఒకరు హైదరాబాద్‌లో ఉన్నారు. వేములపల్లి రైతు ఒకాయన "నాట్లు పడుతున్నయ్. అయినా వస్త" అని మడిలోంచే బయలుదేరాడు. ఆయన దవాఖాన చేరాడని తెలిసేదాకా మేడం మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఆ తర్వాతే తప్పు వెతికారు. కొత్త వెర్షన్లు వచ్చాయని ఎర్ర అంకె కనబడితే, మంచిదే కదా అని సార్ పక్కనున్న బటన్ నొక్కి అన్నీ ఒకేసారి మార్చేశారు. అందులో ఒక చిన్న ప్లగిన్ మారింది. దాతలను వెతికే ప్లగిన్ దాని మీదే ఆధారపడింది. ఈ వెతికేదాన్ని రాసినవాళ్లు ఎప్పుడో వదిలేశారు కాబట్టి కొత్తదానితో నడవలేక సైటంతటినీ ఆపేసింది. చిన్నదాన్ని పాత వెర్షన్‌కు తిప్పగానే పేజీ వచ్చింది.

మర్నాడు సార్ బస్సెక్కి వచ్చారు. తల్లీ బిడ్డా క్షేమమని చెప్పి, తల దించుకున్నారు. "నేను ఇగ దాన్ని ముట్టనమ్మా. నా పాస్‌వర్డ్ తీసెయ్యి."

నవీన్‌కూ అదే సబబనిపించింది. మేడం మాత్రం తన పక్కన కుర్చీ వేశారు.

"ఆ వెతికే ప్లగిన్‌ను ఎవరూ సూస్తలేరని నాకు ఎర్కే సార్. దాన్ని మార్చుడు నేనే వాయిదేసిన. తప్పు నాది. సైటు మీది. కూసోండ్రి."

నకలు తెరిచి, ఆ బటన్‌నే మళ్లీ ఆయన చేత నొక్కించారు. పేజీ తెల్లబోయింది. సార్ ఉలిక్కిపడ్డారు. "ఏం కాదు. ఇందుల ఎంతన్న చెడగొట్టున్రి" అన్నారు మేడం. పాత ప్లగిన్ స్థానంలో, బాగోగులు చూసేవాళ్లున్న మరొకటి ఆ వారంలోనే పెట్టారు. తర్వాత్తర్వాత ఏది దేనితో పడట్లేదో సారే నకలులో చూసి మాకు ఫోన్ చేసి చెప్పేవారు.

భర్తకు బదిలీ అయి మేడం ఖమ్మం వెళ్లిపోయారు. నాకిప్పుడు సొంత ఆఫీసుంది. మొన్న నేరేడుచర్ల విత్తనాల షాపాయన ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా "మేడం, నేనే ఏదో నొక్కిన" అన్నాడు. భయపడి దాచలేదు, వేరేవాళ్ల మీదికి తొయ్యలేదు. నాతో అలా చెప్పొచ్చని ఆయనకు అనిపించిందంటే, ఆ గదిలో నేను నేర్చుకున్నది ప్లగిన్ల పని ఒక్కటే కాదు.