పాలకేంద్రంలో మా బావ ముక్కు

మా బావ పాలకేంద్రంలో క్యాన్ల మూతలెత్తి వాసన చూసే మనిషి. పాలు విరిగే దారిలో ఉన్నాయో లేదో ల్యాబులో నేను తేల్చేలోపే ఆయన ముక్కు తేల్చేసేది. అది నిజమే, కాదనను. కానీ ఆ ముక్కును చూసుకుని ఆయన విర్రవీగే తీరుకి నాకు ఒళ్లు మండేది. ఇంట్లో అక్క వండిన కూరకి కూడా తినకుండానే వంకలు పెట్టేవాడు.

పోయిన చలికాలం జ్వరమొచ్చి, ఆ వాసన పట్టే శక్తి కాస్తా పోయింది. డాక్టరు ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే ఇచ్చాడు. "తల కొంచెం ముందుకి వంచి, చెవి వైపుగా కొట్టుకోండి. గట్టిగా పీల్చకండి. వాసన తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు," అన్నాడు.

మా బావ తల వంచడమా? ముక్కు పైకెత్తి బుస్సుమని కొట్టి, అంతకంటే గట్టిగా పీల్చేవాడు. మందంతా గొంతులోకి దిగేది. చేదు తగిలితే చాలు, "పనిచేస్తోందిరా," అనేవాడు. వాసన పోయిన సంగతి అక్కకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియనివ్వలేదు.

కేంద్రంలో మాత్రం సిగ్గూ ఎగ్గూ లేకుండా మూతలెత్తుతూనే ఉన్నాడు. నాలుగు రోజులు గమనించాక కిటుకు అర్థమైంది. ఆయన పాలు చూడటం లేదు, తెచ్చినవాళ్ల ముఖాలు చూస్తున్నాడు. ధీమాగా నిలబడితే మంచి పాలు, బిక్కచచ్చి నిలబడితే విరిగిన పాలు. నిన్నటి పాలు కలిపి తెచ్చే ఘనుడొకడు నవ్వుతూ దాటిపోయాడు. రెండు గేదెలతో బతుకు లాక్కొస్తున్న ఒకావిడ మాత్రం, పాపం పుట్టుకతోనే బెదురు మనిషి, రెండుసార్లు క్యాను వెనక్కి మోసుకుపోయింది. మూడోసారి కూడా కాదంటే కేంద్రం ఇక ఆమె పాలు ముట్టదు.

మూడోసారీ "విరిగాయి," అన్నాడు.

"బావా, పరీక్ష చేశాను. శుభ్రంగా ఉన్నాయి," అన్నాను.

"నా ముక్కుకి నువ్వు చెప్పొచ్చావా?"

మేనేజరు ఎప్పటిలాగే ముక్కు పక్షం వహించాడు. ఆయనో దద్దమ్మ. ఆవిడ క్యాను పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది.

అక్కడే క్యాన్లు కడిగే మా అక్క ఇదంతా చూసింది. లోపలికెళ్లి ఇంకో క్యాను తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఏమండీ, ఇవి కూడా చూడండి," అంది.

బావ మూత తీశాడు. లోపల తెల్లగా ఉంది. ముక్కు దాదాపు ముంచేసి, కళ్లు మూసుకుని, ఆ తర్వాత అక్క ముఖంలోకి చూశాడు. అక్క నిబ్బరంగా ఉంది.

"మేలైన పాలు. ట్యాంకులో పోసేయండి," అన్నాడు.

అవి నేల కడగడానికి కలిపిన ఫినాయిలు నీళ్లు. వరసలో చివరనున్నవాళ్లకి కూడా ఘాటు తగులుతోంది. మేనేజరు జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

ఆవిడ పాలు ట్యాంకులోకి చేరాయి. బావని ఆ పనిలోంచి తప్పించారు. వెళ్లి ఆవిడకి తప్పైందని ఒక్క మాట చెప్పి రమ్మని అక్క అడిగింది.

"నేనేం చెప్పాలే?" అన్నాడు మా బావ. "ఆవిడ ముఖమే అలా ఉంటే నా తప్పేముంది?"