మా బావి తాగిన నీళ్ళు

మా ముత్తాత కాటన్‌పేటలో పేరుమోసిన కానుగనూనె వర్తకుడు. కరెంటు రాకముందు ఆ చుట్టుపక్కల వెలిగిన దీపాల్లో సగం మా నూనెతోనే వెలిగేవని ఇంట్లో చెప్పేవారు (మిగతా సగం ఎవరి నూనెతో వెలిగేవో ఎవరూ చెప్పేవారు కాదు). మా తాత వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. నా వంతు వచ్చేసరికి, అంటే తొంభైల చివర్లో, గానుగలూ లేవు, లేచి నిలబడేవాళ్ళూ లేరు. ఆ రోజుల్లో మాకు మిగిలింది ఒక్కటే మర్యాద: వేసవిలో వీధి అమ్మవారి పూజకు తొలి కలశం మా పెరటి బావి నీళ్ళతో నింపాలి. నేను ఆఫీసులో గుమాస్తానైనా, ఆ బావిని తలుచుకుని వీధిలో వెన్ను నిటారుగా పెట్టి నడిచేవాణ్ణి.

ఆ ఏడు పూజకు పక్షం రోజుల ముందు బావి ఎండిపోయింది. గోడ అవతలి ఇంటాయన బోరు కూడా అంతకుముందే ఎండి గాలి కక్కుతోంది (వీధిలో మొదట బోరు వేయించాడు కనుక ఆయన్ని బోరు మామ అనేవాళ్ళం). మా బావిలో నీళ్ళు లేవని తెలిస్తే పూజారి కలశాన్ని నీళ్ళున్న ఇంకో ఇంటికి పట్టుకుపోతాడు. ఒకసారి గడప దాటిన మర్యాద మళ్ళీ రాదు. అందుకని అంగళ్ళన్నీ మూసి ఉండే ఆదివారం మధ్యాహ్నం, వీధి కునుకు తీస్తున్న వేళ, గుట్టుగా ఒక ట్యాంకరు తెప్పించి బావిలో పోయించాను. నీళ్ళు కొనుక్కునే స్థితికి వచ్చామని తెలియకూడదు కదా.

నీళ్ళు నాలుగు మెట్ల దాకా లేచాయి. సాయంత్రం చూస్తే మెట్లు పొడిగా ఉన్నాయి. లోపల ఎవరో గుటకలు వేస్తున్న చప్పుడు మాత్రం వస్తోంది. మా అవ్వ గట్టు మీద చెవి పెట్టి, "వినబడతా ఉండాదా? మీ తాత తాగతా ఉండాడప్పా. దప్పికతోనే పోయినాడు గదా," అంది.

"నీళ్ళు ఇంకితే అట్లాగే వినబడుతుందవ్వా," అన్నాను చదువుకున్నవాడిలా. కానీ ఆ చప్పుడు ఆగిపోయినప్పుడు నా మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. (మా ఇంట్లో ఇంకా లేచి నిలబడేవి అవే.)

రెండో ఆదివారం రెండో ట్యాంకరు. నీళ్ళు దిగుతుండగానే, సంగతేమిటో చూద్దామని పెద్ద ఇత్తడి ప్రమిదలో నిండా కానుగనూనె పోసి, వెలిగించి, బొక్కెనలో పెట్టి లోపలికి దించాను. మిట్ట మధ్యాహ్నమే అయినా అడుగున చీకటి. గాలి లేదు. ఉన్నట్టుండి దీపం వంగింది. పడమటి వైపు రాళ్ళ మధ్య ఉన్న బీట వైపు, ఎవరో ఊపిరి లోపలికి పీలుస్తున్నట్టు, మంట పూర్తిగా పడుకుంది. నీళ్ళు సుడి తిరుగుతూ ఆ బీటలోకే పోతున్నాయి. తర్వాత ఆ రాతి లోపలి నుంచి ఒక నిట్టూర్పు వినిపించింది. మనిషిదే అనిపించేంత పొడుగు నిట్టూర్పు. తాడు నా చేతిలోంచి జారింది. ప్రమిద బోర్లా పడి, నూనె నీళ్ళ మీద పసుపు తెట్టులా తిరిగి తిరిగి బీటలోకి మాయమైంది. ఆ క్షణంలో నేను "తాతా, నేనే!" అని అరిచానని అవ్వ పోయేదాకా చెప్పేది. నేను ఈనాటికీ ఒప్పుకోను.

మంగళవారం ఉదయం పూజారి కలశంతో, వెనుక వీధంతా రాగా, మా పెరట్లోకి వచ్చాడు. బావి అడుగున తడి మన్ను తప్ప ఏమీ లేదు. అంతలో గోడ అవతల మోటారు గర్జించింది. వెంటనే బోరు మామ తల గోడ మీదికి లేచింది.

"పూజారప్పా, ఇట్లా రాండి! నెలగా చచ్చిన బోరు, నిన్నటి నుంచి నీళ్ళు పోస్తా ఉండాది. అమ్మవారి దయ!" అని, నన్ను చూసి, "ఏం చిన్న ధణీ, మీ బావి నిద్ర పోతా ఉండాదా?" అన్నాడు. మా తాతను ఆ వీధి ధణీ, అంటే దొరా, అని దండం పెట్టి పిలిచేది. ఈయన నోట అది ఎకసెక్కం.

వెళ్ళకపోతే ఓడినట్టని నేనూ వెళ్ళాను. కలశం నిండింది. పూజారి దాన్ని ఎత్తబోయి ఆగి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇదేంది సామీ, కానుగనూనె వాసన!"

బోరు మామ ముఖం పాలిపోయింది. "మా ఇంట్లో ఆ నూనె చుక్క కూడా లేదే!"

అందరూ మెల్లగా నా వైపు తిరిగారు. "పెద్ద ధణి వచ్చినాడమ్మా, నీళ్ళల్లో వచ్చినాడు," అని ఒక ముసలమ్మ చేతులు జోడించింది. ఎండలో నిలబడ్డ అంతమందిలో ఒక్కరూ కదల్లేదు. అవ్వ నా చెయ్యి గిల్లింది. "చెప్పప్పా! అవి మన నీళ్ళే అని చెప్పు."

ఒక్క మాట అంటే కలశం మాదే అయ్యేది. కానీ మీ నీళ్ళు ఇక్కడికెలా వచ్చాయని అడిగితే రెండు ట్యాంకర్ల కథ బయట పెట్టాలి. మా ఇంటివాడు నీళ్ళు కొన్నాడని వీధి ముందు నేనే చెప్పాలి! వెన్ను ఇంకాస్త నిటారుగా పెట్టి, "అమ్మవారి దయ," అన్నాను. ఆ ఏడే కాదు, ఆపై ఏటా తొలి కలశం గోడ అవతలే నిండింది.

ఇప్పుడు నేనుండే సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంటులో వాన నీటిని భూమిలోకి ఇంకించాలని సమావేశాలు పెడతారు. కానుగనూనెతో జెనరేటరు నడుస్తుందని పిల్లలు కొత్త వింతలా చెబితే, నేను ఏమీ తెలియనివాడిలా తల ఊపుతాను. పరువు కోసం పక్కింటి బోరుకు ప్రాణం పోసిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. నోరు తెరవరా అని వాడికి చెప్పాలనీ ఉంటుంది, కానీ వాడు వినేరకం కాదు.

ఇల్లూ, పెరడూ, బావీ ఆ పూజ తర్వాత మూడేళ్ళకు ఒకే దస్తావేజు కింద అమ్మేశాం.