నీళ్లలో బండికి ముందు నడిచే నాగులమ్మ

నాగులమ్మ మొండిదని మహబూబ్‌నగర్ వైపు పట్టాల మీద పనిచేసే గ్యాంగు మొత్తం అంటుంది. అననీ. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆమెకు వచ్చిన రోజున ‘ఈమెతో ఏమైతది’ అని మూతులు విరిచింది కూడా వాళ్లే. పదేళ్లుగా గడ్డపార మోస్తూనే ఉంది.

ఒక వానాకాలం పొద్దున చెరువు తెగి పట్టాలు నీట మునిగాయి. అలాంటప్పుడు బండి ఊరికే పోకూడదు. ఇద్దరు మనుషులు చెరోవైపు నీళ్లలో ముందు నడుస్తూ, కింద కంకర ఉందో కొట్టుకుపోయిందో గడ్డపారతో పొడిచి చూడాలి. వాళ్ల నడకతోనే బండి వెనక రావాలి. ఆ రోజు ఒక పక్క గ్యాంగులోని భిక్షపతి, ఇంకో పక్క నాగులమ్మ. సగం దూరంలో ఆమె గడ్డపారకు రాయి తగల్లేదు, మూరెడు దిగబడింది. ఎర్రజెండా ఎత్తింది. వెనక డ్రైవరు హారన్ మోత, గట్టు మీంచి పెద్దసారు కేకలు.

"లేటయితాంది, జరుగు నాగులమ్మా."

"నేను జరగ సారూ. ముందుగాల కంకర పోయించుండ్రి."

మోకాళ్ల లోతు నీళ్లలో పట్టాల నడుమకొచ్చి నిలబడింది. అక్కడి నుంచి కదల్లేదు. కంకర పోశాకే బండి కదిలింది.

కూతురు మనీష డిగ్రీ చదువుతూ, కంప్యూటర్లో రైలు ఆట కోసం ఆ పట్టాల తోవనే, వరదతో సహా, ఏడాది పాటు కూర్చుని తయారుచేసింది. వరద నీళ్లు చిమ్ముకుంటూ బండి దూసుకుపోతుంటే ఆడేవాళ్ల నుంచి ఒకటే మెచ్చుకోళ్లు. చూసిన నాగులమ్మకు ఒళ్లు మండింది.

"బండి ముందట మనుషులేరి?"

"ఆటనే గదనే అమ్మా."

"ఆటైతే నీళ్ల కింద రాయి దానంతట అదే ఉంటదా?"

మనీషకు సిగ్గేసింది. గడ్డపారలతో నడిచే ఇద్దరిని పెట్టింది, ఒకరికి అచ్చం అమ్మలాగే చీర మీద నారింజ రంగు కోటు. వాళ్లను దాటి బండి పోదు.

ఆడేవాళ్లు విసుగని గోల పెట్టారు. ఇలాంటి తోవలన్నీ జాబితాగా పెట్టి ఆడేవాళ్లకు అందించే గుంపును నడిపే కృష్ణకాంత్ ఫోన్ చేశాడు. ఆ ఇద్దరినీ తీసెయ్యకపోతే ఆమె తోవనే జాబితాలోంచి తీసేస్తామన్నాడు. ఏడాది కష్టం మరి, మనీషకు ఏడుపొచ్చింది. నాగులమ్మ ఫోను లాక్కుంది.

"ఎవరండీ?" అన్నాడతను.

"నీ బండి ముందట నడిసేదాన్ని. నిజం బండికే జరగలే బిడ్డా, నీ ఆట బండికి జరుగుతనా? నీ జాబితా నువ్వే ఉంచుకో."

ఆ సాయంత్రమే మనీష కళ్లు తుడుచుకుని, తోవను నెట్లో తన పేరు మీద విడిగా పెట్టింది. ఆడాలనుకున్నవాళ్లు వస్తున్నారు. నాగులమ్మ వెనకే, నాగులమ్మ నడకతోనే రావాలి.