పదిహేడో ఉత్తరం

ఆ శనివారం పొద్దున్న టైలరమ్మ ఒకే చొక్కా చెయ్యిని మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పింది. నలభై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చేసే పని అది. ఒళ్ళోని దారప్పోగులు దులుపుకుని లేచింది, కిటికీ దాకా వెళ్ళింది, మళ్ళీ వచ్చి మిషను ముందు కూర్చుంది. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంటే ఆమె భర్త డ్రైవరుగారు, ఇన్నేళ్ళొచ్చాక నీకు పరీక్ష భయం పట్టుకుందేమిటని నవ్వాడు.

ఆయన సైన్యంలో లారీలు తోలి రిటైరైన మనిషి. ప్రతి శనివారం లైబ్రరీలో ఒక పంతులమ్మ, సైన్యంలో చేసి వచ్చినవాళ్ళనీ వాళ్ళ భార్యలనీ కూర్చోబెట్టి, ఎవరి కథ వాళ్ళచేత రాయిస్తోంది. ఏడాదిపాటు రాసినవన్నీ కలిపి పుస్తకం వేస్తున్నారు. సోమవారం ప్రెస్సుకు వెళ్తుంది. డ్రైవరుగారివి పదకొండు కాగితాలు. అందులో తొమ్మిది లారీ ఇంజను గురించే, అది ఆయన ధర్మం, రాసుకోనివ్వండి. పదో కాగితంలో మాత్రం పేరు పెట్టి మరీ ఒక మనిషిని దొంగ అన్నాడు. ఆ మనిషి దొంగ కాడని తెలిసింది ఇద్దరికే. ఒకరు ఆ మనిషి, రెండోవారు టైలరమ్మ.

సంగతేమిటంటే, పెళ్ళైన నాలుగో ఏట ఆయన్ని సరిహద్దు కొండల్లోకి పంపారు. ఫోను లేదు. వారం క్రితం రాసింది ఇవాళ అందితే, నెల క్రితం రాసింది రేపు అందేది. అందుకని సైనికుల ఇళ్ళల్లో అందరూ చేసేదే వీళ్ళూ చేశారు. ప్రతి ఉత్తరం మీదా మూలన ఒక అంకె వేసుకున్నారు. ఎనిమిదోది ముందొస్తే, ఏడోది దారిలో ఉందని నిబ్బరంగా ఉండొచ్చు.

పదహారు వచ్చింది. పద్దెనిమిది వచ్చింది. పదిహేడు రాలేదు.

అక్కడ టపా సంచులు విప్పి పంచే గుమస్తా, డ్రైవరుగారి పక్క మంచంవాడే. ఒకే కంచంలో తిన్న స్నేహం. పదిహేడు ఏదిరా అని మొదట్లో నవ్వుతూనే అడిగాడట. పాపం ఆ గుమస్తా మంచులో కూర్చుని మూడు బస్తాలు బోర్లించి వెతికాడు. దొరకలేదు. వీడికి పరాయివాళ్ళ ఉత్తరాలు చదివే రోగం ఉంది, నా పెళ్ళాం మాటలు కాజేశాడు అంటూ డ్రైవరుగారు నలుగురి ముందూ అతని గల్లా పట్టుకున్నాడు. రుజువు లేదు. కానీ నిప్పు లేనిదే పొగ రాదనేవాళ్ళకు ఎక్కడైనా కొదవేముంది? గుమస్తాను టపా పని నుంచి తీసేసి వంటశాలకు తోలారు. మిత్రులిద్దరికీ ఆనాడు పోయిన మాటలు మళ్ళీ కలవలేదు.

ఇదంతా టైలరమ్మ విన్నది రెండు వారాల క్రితమే, డ్రైవరుగారు లైబ్రరీలో గొంతు సవరించుకుని చదివినప్పుడు. ఆ రోజుల్లో ఆయన ఒక ఉత్తరం అందలేదని రాస్తే, దారిలో పోయుంటుందని తను జవాబు రాసింది. స్నేహితుడి గొడవ ఆయన చెప్పలేదు, పరువు తక్కువని. అందరూ అయ్యో అంటుంటే ఆమె తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చుంది.

ఎందుకంటే ఆ ఉత్తరం ఆమె వెయ్యలేదు. నాలుగేళ్ళలో ఐదిళ్ళు మారింది. ప్రతి ఇంటికీ కిటికీ కొలత వేరు. అవే పరదాలు ఒకచోట మడిచి కుట్టేది, ఇంకోచోట విప్పి పొడుగు చేసేది. ఐదో ఇంట్లో మూడేళ్ళ కూతురికి తొమ్మిది రోజులు వదలని జ్వరం. ఆయన దగ్గర్నుంచి రెండు నెలలుగా ఉలుకూ పలుకూ లేదు. పదో రోజు మధ్యాహ్నం మిషను మీదే కాగితం పెట్టుకుని పదిహేడోది రాసింది. సైన్యం ఉత్తరాలను పోస్టాఫీసు కిటికీలో ఇచ్చి ముద్ర వేయించాలి కనుక, పిల్లను పక్కింట్లో వదిలి పరుగెత్తింది కూడా. అయినా అది వెళ్ళలేదు. ఆ సాయంత్రం, మేం క్షేమం అంటూ ఇంకొకటి రాసి, అలవాటు కొద్దీ పద్దెనిమిది అని వేసింది. ఆ ఒక్క అంకె దిద్దుకుని ఉంటే ఈ కథే లేదు.

ఈ రెండు వారాల్లో చెబుదామని నాలుగుసార్లు నోరు తెరిచింది. ఒకసారి ఉప్పు అడిగింది, ఒకసారి కళ్ళజోడు ఎక్కడుందంది. మింగలేదు, కక్కలేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, చెబితే మొగుడు కూడా పోతాడేమోనని ఆమె భయం. అరవై దాటాక అదేం భయమని అడగకండి. ఆమెకు ఉంది.

లైబ్రరీలో ఆ రోజు చివరి వంతు ఆమెదే. లేచింది. పరదాల గురించి రెండు వాక్యాలు చదివింది. మూడోది చదవలేదు. కాగితం మడిచి, ఒక్కసారి బయటికి రమ్మని ఆయన్ని పిలిచింది. ఇద్దరూ మెట్ల మీదికి వచ్చారు. అద్దం తలుపు వెనక పదిమందీ హఠాత్తుగా పత్రికలు చదవడం మొదలుపెట్టారు, ఒకాయన తలకిందులుగా.

"పదిహేడోది దారిలో పోలేదండీ. నేనే వెయ్యలేదు."

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మెట్టు మీద కూర్చున్నాడు.

"వాణ్ని దొంగన్నాను," అన్నాడు. "వాడు ఏడుస్తూ బస్తాలు దులిపాడు. నేను చూస్తూ నిలబడ్డాను."

ఆ ఉత్తరంలో ఏం రాశావని అడిగాడు. ఆమె ఒక్క మాట వదలకుండా చెప్పింది. పిల్లను తీసుకుని అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నానని. సెలవు దొరికినా ఈ గుమ్మం తొక్కొద్దని. తనకు మనిషి కావాలి గానీ అంకెలు అక్కర్లేదని. చెబుతూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది.

"మరెందుకు వెయ్యలేదు?"

ఆయన కళ్ళు దేనికోసం ఎదురుచూస్తున్నాయో ఆమెకు తెలుసు. మీ మీద ప్రేమ కొద్దీ అంటే సరిపోయేది. ఏ భార్యైనా ఆ మాటే అనేది. కానీ ఇంత దూరం వచ్చి మళ్ళీ అబద్ధమా?

"వెళ్ళేసరికి పోస్టాఫీసు కిటికీ మూసేశారు."

ఆయన నుంచి నవ్వో దగ్గో తెలియని చప్పుడు వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని లేచాడు. ముందు ఆ పదో కాగితం తీయించేస్తానన్నాడు. వాడి అడ్రసు కనుక్కుని, బస్సెక్కి వెళ్ళి, వాడు గల్లా పట్టుకుంటానంటే పట్టుకోనిస్తానన్నాడు. నువ్వూ రావాలన్నాడు. ఆమె తలూపింది. అద్దం తలుపు మీద చెయ్యి వేసినవాడు తొయ్యకుండా అలాగే ఆగిపోయాడు.

"మర్నాడు తెరిచుంటారుగా?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"తెరిచారు," అంది టైలరమ్మ. "వెళ్ళాను. రెండు ఉత్తరాలూ చేతిలోనే ఉన్నాయి. పద్దెనిమిదోదే ఇచ్చాను."