రుచి చూస్తే తిన్నట్టా?

మా అత్తగారు పోయారు. మొన్న సోమవారం పొద్దున కాఫీ చల్లారిందని నన్ను నాలుగు మాటలని, పడుకుని, మళ్లీ లేవలేదు. నూజివీడులో మామిడిపళ్ల వ్యాపారం చేసే మా ఇంట్లో ఆవిడతో పదమూడేళ్లు వేగాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నాకు ముందు విసుగే గుర్తొస్తోంది, ఏం చెయ్యను?

మొదటి రెండు కాన్పుల్లో పిల్లలు బొద్దుగానే పుట్టారు, ఏడుపు మాత్రం వినబడలేదు, ప్రాణం లేదు. మూడోసారి నెల తప్పాక డాక్టరమ్మ షుగరని తేల్చారు. రోజూ ఇన్సులిన్ ఇంజక్షను, కొలిచి పెట్టిన అన్నం, తీపి ముట్టకూడదు. ఆనాటి నుంచి అత్తగారు నా ప్రాణం తోడేశారు. పొద్దున్నే గాజుగొట్టంలో నీలం మందు పోసి, నా మూత్రం ఎనిమిది చుక్కలు కలిపి, స్పిరిటు దీపం మీద ఆవిడే కాచేవారు. ఆనక మైలని తలస్నానం, "నీ పుణ్యమా అని రోజూ తలమీద నీళ్లు" అని సణుగుడు. షుగరు లేకపోతే నీలం మారదు. మాకు రోజూ ఇటుకరంగే.

"దొంగతనంగా ఏం తిన్నావు?"

"ఏం తినలేదత్తయ్యా."

"మరి ఈ రంగేంటి, నా మొహం!"

బెల్లం డబ్బా ఆవిడ మంచం కిందికి చేరింది. కడుపుతో ఉన్నదానికి పెట్టకపోతే పాపమంటూ ఇరుగుపొరుగు తెచ్చిన గిన్నెలు గుమ్మంలోంచే వెనక్కి పోయాయి. అయినా రంగు మారలేదు.

ఓ పొద్దున డాక్టరమ్మ చెప్పకుండా వచ్చారు. అప్పుడు అత్తగారు రోజూలాగే గడ్డిలో మాగిన ఒక్కో రాశిలోంచి ఒక్కో పండు కోసి నా నోటికి ముక్క అందిస్తున్నారు. ఏ తోట పండు ఎంత తీపో తేల్చేది మా ఇంట్లో నా నాలుకే.

"ఏంటండీ ఇది?"

"రుచి చూస్తోందండీ. తినడం లేదు."

"ఎన్ని రాశులు?"

"పద్దెనిమిది."

డాక్టరమ్మ నుదురు పట్టుకుని అక్కడే కూలబడ్డారు. మా తెలివి ఎక్కడ ఏడ్చిందో, ఇద్దరికీ అప్పటిదాకా తట్టలేదు.

మర్నాటి నుంచి రుచి అత్తగారే చూశారు. పుల్లటివాటిని తీపన్నారు. విజయవాడ నుంచి బుట్టలు తిరిగొచ్చాయి. మామగారు నెత్తి కొట్టుకుంటే, "వ్యాపారం మళ్లీ వస్తుంది, బిడ్డ రాదు" అన్నారట. నాతో మాత్రం ఒక్క మంచి మాట అనలేదు. గొట్టంలో రంగు పచ్చబడింది, కొన్నాళ్లకు నీలంగానే నిలిచింది. ఆవిడ చాదస్తమే లేకపోతే నా కొడుకు లేడు.

వాడు పుట్టి కేరుమన్నాడు. నేను చెయ్యి చాచేసరికి అత్తగారు అడ్డం వచ్చారు.

"ఎవరూ ఎత్తుకోకండి. కాసేపు ఏడవనివ్వండి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోయి ఆవిడ వైపు చూశాను. గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, వాడి ఏడుపు వింటున్నారు.